తుఫాను తర్వాతి ఆరేళ్లు



ఇవి శ్రమకాలపు దినాలు. ఈ నలభై రోజుల్లో మన సంఘాల్లో సాక్ష్యాలు ఎక్కువగా వినిపిస్తాయి. సాయంకాలం కూటాల్లో ఒకరి తర్వాత ఒకరు లేచి, ప్రభువు తమ జీవితంలో చేసిన మేలు చెబుతారు. వినీ వినీ ఆ సాక్ష్యాలకు ఒక తీరు స్థిరపడిపోయింది. మొదటి సగం చీకటి, రెండో సగం వెలుగు. మధ్యలో ఒక రాత్రి. ఆ రాత్రి ఓ ప్రమాదమో, ఓ జబ్బో, ఓ ఉజ్జీవ సభో జరిగి ఉంటుంది. నిన్నటిదాకా తాగుబోతు, తెల్లవారేసరికి భక్తుడు. అలాంటి మార్పులు జరగవని నేననను. మన ఊళ్లలో అలా సారా మానేసి, ఇల్లు నిలబెట్టుకున్న మనుషులు ఎంతమందో ఉన్నారు. కానీ ఆ తీరులో చెబుతూ పోతే ఒక భాగం నోట్లోంచి జారిపోతుంది. రక్షణ పొందిన మరునాటి నుంచి ఏం జరిగింది? ఆ భాగం గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. దానికి జాన్ న్యూటన్ జీవితాన్ని ఎంచుకున్నాను.

న్యూటన్ అనగానే గుర్తు రాకపోయినా, 'అమేజింగ్ గ్రేస్' అనగానే మీలో చాలామందికి రాగం కూడా నోటికి వస్తుంది. ఆ పాట రాసింది ఈయనే. మన ప్రసంగాల్లో ఈయన కథ తరచూ ఇలా చెబుతారు: బానిసల ఓడకు కెప్టెను, నడిసముద్రంలో తుఫాను వచ్చింది, మోకరించాడు, మారుమనస్సు పొందాడు, బానిసల్ని వదిలేశాడు, ఒడ్డుకు చేరి ఆ పాట రాశాడు. వినడానికి బాగానే ఉంటుంది. జరిగింది మాత్రం అది కాదు. తుఫాను వచ్చిన నాటికి ఆయన కెప్టెను కాడు, ఓడలో ప్రయాణికుడు. పాట రాసింది తుఫాను వెలిసిన పాతికేళ్లకు. అన్నిటికన్నా మనల్ని ఇబ్బంది పెట్టే సంగతి, ఆయన బానిసల ఓడలకు కెప్టెను అయింది మారుమనస్సు పొందిన తర్వాత.

మొదటినుంచి చెబుతాను. న్యూటన్ 1725లో లండన్‌లో, థేమ్స్ నది ఒడ్డున వాపింగ్ అనే పేటలో పుట్టాడు. తల్లి భక్తిగల మనిషి. పిల్లవాడికి వాక్యాలు, కీర్తనలు నేర్పింది. వాడికి ఏడేళ్లు నిండకముందే క్షయతో పోయింది. తండ్రి ఓడ కెప్టెను. పదకొండేళ్లకు కొడుకును తనతో పాటు ఓడ ఎక్కించాడు. ఆ తర్వాత కుర్రవాడు బలవంతంగా యుద్ధనౌకలోకి వెళ్లాల్సి వచ్చింది. అక్కడి నుంచి పారిపోయాడు, పట్టుబడ్డాడు. అందరి ముందు కొరడా దెబ్బలు కొట్టి, ఉన్న హోదా తీసేశారు. చివరికి పశ్చిమ ఆఫ్రికా తీరంలో, సియెర్రా లియోన్ దగ్గరి ప్లాంటెయిన్ దీవుల్లో బానిసల వ్యాపారం చేసే ఒక తెల్లవాడి దగ్గర పనికి కుదిరాడు. ఆ వ్యాపారితో కాపురం చేస్తున్న ఆఫ్రికన్ స్త్రీకి ఇతనంటే గిట్టలేదు. జ్వరంతో పడి ఉంటే నీళ్లు దొరకడం కూడా కష్టమయ్యేది. ఆమె తిని వదిలిన పళ్లెంలోది తిన్నాడు. రాత్రిపూట చాటుగా చేలోని దుంపలు తవ్వుకుని పచ్చివే నమిలాడు. ఆ దుస్థితిలో కూడా అతని దగ్గర యూక్లిడ్ జామెట్రీ పుస్తకం ఒకటి ఉండేదట. సముద్రపు ఇసుకలో కర్రతో బొమ్మలు గీసుకుంటూ ఆ లెక్కలు నేర్చుకున్నాడు. బుర్ర చురుకైనది, నోరు మహా చెడ్డది. దేవుణ్ణి తిట్టడంలో అతన్ని మించినవాడు లేడు. బూతులకు అలవాటుపడిన నావికులే అతని మాటలకు చెవులు మూసుకునేవారు.

తండ్రి తన స్నేహితుడైన ఓ ఓడ యజమానికి చెప్పి, కొడుకు ఎక్కడున్నా వెతికి తెమ్మన్నాడు. అలా అతన్ని కనిపెట్టి ఎక్కించుకున్న ఓడ 'గ్రేహౌండ్'. అందులో ఉన్న సరుకు బంగారం, దంతం, రంగుచెక్క, తేనెమైనం. 1748 మార్చిలో, ఉత్తర అట్లాంటిక్‌లో, ఒక రాత్రి అల విరుచుకుపడి అతను పడుకున్న గదిలోకి నీళ్లు వచ్చాయి. లేచి పైకి వెళ్లబోతుంటే, వెనక్కి వెళ్లి కత్తి పట్టుకురమ్మన్నాడు కెప్టెను. వెనక్కి తిరిగాడు. అతని బదులు పైకి వెళ్లిన మనిషిని సముద్రం ఎత్తుకుపోయింది. తర్వాత గంటల తరబడి పంపుల దగ్గర నీళ్లు తోడారు. చిల్లుల్లో పరుపులూ బట్టలూ కుక్కి పైన పలకలు కొట్టారు. సరుకులో మైనం, చెక్క ఎక్కువ ఉండబట్టి ఓడ తేలిందని న్యూటనే తర్వాత రాశాడు. అద్భుతం జరిగిందని చెప్పుకోవడానికి అంత మంచి అవకాశం ఉన్నా, మైనం సంగతి దాచలేదు. ఈ మనిషి మాటను నమ్మవచ్చని నాకు అనిపించేది ఇలాంటి చోటే.

ఆ హడావుడిలో, ఇక దేవుడే కరుణించాలి అని ఏదో మాట నోరుజారి వచ్చింది. అన్న తర్వాత తనే ఉలిక్కిపడ్డాడు. ఏళ్ల తరబడి వెక్కిరించిన దేవుడి దగ్గర కరుణ అడిగే ముఖం తనకెక్కడిదని. నాలుగు వారాల తర్వాత, చివరి తిండి కుండలో ఉడుకుతుండగా, ఓడ ఐర్లండ్ ఉత్తర తీరంలోని లఫ్ స్విల్లీ రేవు చేరింది. తుఫాను వచ్చిన ఆ రోజు మన క్యాలెండరు ప్రకారం మార్చి 21. బతికినన్నాళ్లూ ఆ తేదీని ఏటా ప్రార్థనలో గడిపాడు. సాక్ష్యం చెప్పేవారు చాలామంది ఇక్కడ ఆపేస్తారు. 'ఆమెన్' అంటాం, కూర్చుంటాం.

అదే ఏడాది న్యూటన్ 'బ్రౌన్‌లో' అనే బానిసల ఓడలో కెప్టెను తర్వాతి అధికారిగా మళ్లీ ఆఫ్రికా వెళ్లాడు. 1750లో, చాలా ఏళ్లుగా ప్రేమించిన మేరీని పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడే 'డ్యూక్ ఆఫ్ ఆర్గైల్' అనే ఓడకు కెప్టెను అయ్యాడు. ఆ తర్వాత 'ఆఫ్రికన్' అనే ఓడ మీద రెండు ప్రయాణాలు. మొత్తం మూడుసార్లు కెప్టెనుగా లివర్‌పూల్ నుంచి బయలుదేరి, ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొని, గొలుసులు వేసి, వెస్టిండీస్ దీవుల్లో అమ్మి వచ్చాడు.

ఆ ప్రయాణాల దినచర్య పుస్తకం ఇప్పటికీ ఉంది, అచ్చయింది కూడా. అందులో గాలి ఎటు వీచింది, ఎంత దూరం నడిచాం, ఎవరిని ఎంతకు కొన్నాం అన్నీ ఉంటాయి. ఎవరైనా బానిస చనిపోతే ఆ సంగతి ఒక్క ముక్కలో ఉంటుంది. పేరుండదు, నంబరు ఉంటుంది. ఫలానా నంబరు స్త్రీని ఇవాళ సముద్రంలో వేశాం, అంతే. 1752 డిసెంబరులో, బానిసలు తిరగబడబోతున్నారని అనుమానం వచ్చింది. నిజం చెప్పించడానికి కొందరు కుర్రవాళ్లకు సంకెళ్లు వేసి, బొటనవేళ్లను ఇనుప మరలో పెట్టి బిగించారు. కొద్దిగానే బిగించాం అని రాసుకున్నాడు. పిల్లల వేళ్లు అవి. అదే ఓడలో ప్రతి ఆదివారం కెప్టెను గారు నావికులందరినీ చేర్చి ఆరాధన నడిపించేవాడు. ఒంటరిగా కూర్చుని బైబిలు చదివేవాడు, భార్యకు భక్తితో నిండిన ఉత్తరాలు రాసేవాడు. దేవునితో అంత తియ్యని సహవాసం తనకు ఆ చివరి ప్రయాణాల్లో దొరికినంతగా మరెప్పుడూ దొరకలేదని 1764లో అచ్చువేసిన తన జీవితకథలో చెప్పాడు. పైన ప్రార్థన, కింద గొలుసులు. రెంటికీ మధ్య అడ్డం ఓడ పలకల మందమే.

ఇతను వేషధారి అని తేల్చేస్తే మనకు పని సులువు. కానీ ఆ ప్రార్థన నటన అని నేననుకోను. అప్పటికి బూతులు మానేశాడు, నోరు అదుపులోకి వచ్చింది, నావికుల్ని మంచిగా చూసుకునేవాడు. దేవుడు అతనిలో పని మొదలుపెట్టాడు. అయితే అతని కంటికి పాపంగా కనబడినవాటినే అతను దేవుడికి అప్పగించాడు. బానిసల వ్యాపారం పాపమని అప్పట్లో అతనికి ఎవరూ చెప్పలేదు. అది గౌరవప్రదమైన ఉద్యోగం. ఓడ యజమానులు గుడిలో ముందు వరసలో కూర్చునేవారు. ఆంగ్లికన్ సంఘపు మిషనరీ సొసైటీకే బార్బడోస్ దీవిలో బానిసలతో సాగు చేయించే చెరకు తోట ఉండేది. తనకు ఆ పని మీద ఒక్కసారైనా మనస్సాక్షి గుచ్చుకోలేదని, జైలరు పనిలా చిరాకుగా మాత్రం ఉండేదని న్యూటనే రాశాడు. వేరే ఉద్యోగం ఇప్పించమని ప్రార్థన కూడా చేశాడు. 1754లో చివరి ప్రయాణం నుంచి తిరిగొచ్చాక, ఒక్క ప్రాణనష్టం కూడా లేకుండా వచ్చామని గుళ్లో కృతజ్ఞత చెల్లించాడు. వెస్టిండీస్‌లో అమ్మి వచ్చిన మనుషులు నష్టం లెక్కలోకి రాలేదు.

మరి ఎలా మానాడు? మనసు కరిగి కాదు. 1754 నవంబరులో, మళ్లీ ఓడ ఎక్కడానికి రెండు రోజుల ముందు, ఇంట్లో భార్యతో టీ తాగుతూ కుప్పకూలిపోయాడు. మూర్ఛలాంటిది వచ్చింది. వైద్యులు సముద్రం వద్దన్నారు. అలా ఆగింది ఆ పని. అతని బదులు వెళ్లిన కెప్టెను, అధికారుల్లో చాలామంది ఆ ప్రయాణంలో చనిపోయారు. తుఫానుకూ ఆ టీ కప్పుకూ మధ్య ఆరేళ్లు.

దేవుడు మనుషుల్ని శుద్ధి చేస్తాడని చెప్పేటప్పుడు మనం మలాకీ గ్రంథం మూడో అధ్యాయం తీస్తాం. వెండిని పుటం పెట్టేవాడిలా ఆయన కూర్చుంటాడని ప్రవక్త అంటాడు. ఇక్కడ మన ప్రసంగీకులు ఒక ముక్క కలుపుతారు. కరిగిన వెండిలో తన ముఖం కనబడేదాకా కంసాలి చూస్తూ కూర్చుంటాడని. అందమైన మాటే, మలాకీలో మాత్రం లేదు. యిర్మీయా ఆరో అధ్యాయంలో ఉన్న సంగతి అంత అందంగా ఉండదు. పాతకాలంలో వెండిని శుద్ధి చేయాలంటే సీసం కలిపి కరిగించేవారు. తిత్తులతో గాలి ఊదుతుంటే సీసం భస్మమైపోతూ మష్టును తనతో పట్టుకుపోతుంది, మూసలో వెండి మిగులుతుంది. యిర్మీయా చూపించే కొలిమిలో తిత్తులు కాలిపోయేదాకా ఊదారు, సీసమంతా ఖర్చయింది, మష్టు మాత్రం విడిపోలేదు. ఆ వెండిని పనికిరాదని పారేశారు. అంటే మంట తగిలిన ప్రతివాడూ శుద్ధి అవుతాడన్న హామీ బైబిలులో లేదు. కష్టాలు పడ్డాం కాబట్టి మారిపోయాం అనుకోవడం మన భ్రమ. కష్టపడి మరింత గట్టిపడ్డవాళ్లని మీరూ చూశారు, నేనూ చూశాను.

మలాకీలో ఇంకో రెండు సంగతులు గమనించండి. అక్కడ పుటం పెట్టేది ఎవరిని? అన్యజనుల్ని కాదు, తాగుబోతుల్ని కాదు. లేవీ కుమారుల్ని. అంటే గుళ్లో సేవ చేసేవాళ్లని, బలులు అర్పించేవాళ్లని, మన మాటల్లో చెప్పాలంటే పాస్టర్లని, సంఘ పెద్దల్ని, ఆదివారం పాట ఎత్తుకునేవాళ్లని. రెండోది, ఆ పుటం మాట అయిన వెంటనే, ఐదో వచనంలో, దేవుడు ఎవరి మీద సాక్ష్యం చెప్పడానికి వస్తానంటున్నాడో చూడండి. మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు, ఇంతవరకు మనం ఎదురుచూసే జాబితాయే. అక్కడితో ఆగడు. కూలివాడి కూలి విషయంలో వాణ్ణి పీడించేవాళ్లు, విధవరాండ్రను, తండ్రిలేని పిల్లల్ని బాధపెట్టేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. మొదటి సగం మన సాక్ష్యాల్లో వస్తుంది. రెండో సగం రాదు. 'ప్రభువు నన్ను రక్షించాక నా పొలంలో పనిచేసేవాళ్లకు కూలి పెంచాను' అని సాక్ష్యం చెప్పిన మనిషిని మీరు ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

పేతురు సంగతి కూడా ఇలాగే ఉంటుంది. ముమ్మారు ఎరగనని బొంకాడు, కోడి కూసింది, ఏడ్చాడు, పునరుత్థానుడైన ప్రభువు మళ్లీ చేరదీశాడు, పెంతెకొస్తు నాడు వేల మందికి ప్రకటించాడు. మనం అక్కడితో పేతురుకు మార్కులు వేసి పాస్ చేసేస్తాం. గలతీ పత్రిక రెండో అధ్యాయం దాకా వెళ్లం. పెంతెకొస్తు గడిచిన ఎన్నో ఏళ్లకు, అంతియొకయలో, ఇదే పేతురు అన్యులైన విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరి మనుషులు రాగానే, వాళ్లేమంటారో అని భయపడి ఆ పంక్తి నుంచి లేచిపోయాడు. పెద్దవాడు లేస్తే మిగతా యూదులూ లేచారు, బర్నబా కూడా లేచాడు. పౌలు ఊరుకోలేదు. అందరి ముందే నిలదీశాడు. ప్రాణభయంతో బొంకినవాడు ఆ భయాన్ని జయించాడు కానీ, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఇంకా మూసలోనే ఉంది. దాన్ని బయటికి తీయడానికి దేవుడు దూతను పంపలేదు. ఎదురుగా నిలబడి తప్పు అనగల తోటి మనిషిని పంపాడు. పంక్తిలోంచి లేచిపోవడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మళ్లీ న్యూటన్ దగ్గరికి వద్దాం. సముద్రం మానేశాక లివర్‌పూల్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేస్తూ గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాడు. పాదిరి కావాలని అడిగితే మొదట కాదన్నారు. చివరికి 1764లో అభిషేకమిచ్చి, ఓల్నీ అనే చిన్న ఊరికి పంపారు. ఆ ఊళ్లో బతుకుతెరువు చేత్తో లేసు అల్లడం. చీకటి గదుల్లో వంగి కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లు, పిల్లలు, వాళ్ల పేదరికం. న్యూటన్ ఇంటింటికీ తిరిగేవాడు. వారపు ప్రార్థన కూటాల కోసం పాటలు కట్టేవాడు. 1773 జనవరి 1న, దినవృత్తాంతాల మొదటి గ్రంథం పదిహేడో అధ్యాయం మీద ప్రసంగించడానికి కట్టిన పాటే 'అమేజింగ్ గ్రేస్'. మనం పాడే రాగం దానికి కుదిరింది 1835లో, అమెరికాలో. ఆ రాగంలో ఆ పాట న్యూటన్ విననే లేదు.

ఆ ఓల్నీ రోజుల్లో నాకు పాటకన్నా పెద్దగా కనబడేది ఇంకొకటి ఉంది. కవి విలియం కూపర్ న్యూటన్‌కు పొరుగున ఉండేవాడు. అతనికి మతిస్థిమితం తప్పే జబ్బు. ఆ 1773 మొదట్లోనే అది మళ్లీ తిరగబెట్టింది. దేవుడు తనను విసర్జించాడని, నరకం ఖాయమని నమ్మాడు, ప్రాణం తీసుకోబోయాడు. ఓ రోజు న్యూటన్ ఇంటికి వచ్చి, ఇక తన ఇంటికి వెళ్లనన్నాడు. సరే ఉండమన్నారు. ఏడాదికి పైగా ఉన్నాడు. న్యూటన్, మేరీ అతన్ని కనిపెట్టుకుని ఉన్నారు. రాత్రిళ్లు మేలుకున్నారు. ఇల్లంతా ఆ దిగులుతో బరువెక్కినా పొమ్మనలేదు. ఒకప్పుడు కుర్రాళ్ల వేళ్లకు మరలు బిగించిన చేతులే ఇవి.

కూపర్‌కు పూర్తి స్వస్థత వచ్చిందని చెబితే ప్రసంగం రక్తి కడుతుంది. రాలేదు. 1800లో చనిపోయేదాకా తనకు రక్షణ లేదన్న నమ్మకం అతన్ని వదల్లేదు, మళ్లీ గుడిలో అడుగుపెట్టలేదు. కానీ ఆ చీకటిలోనే గొప్ప కవిత్వం రాశాడు, బానిసల పక్షాన కూడా రాశాడు. అతన్ని దేవుడు వదిలేశాడని నేననుకోను. దాన్ని మన లెక్క ప్రకారం సాక్ష్యంగా మలచడం మాత్రం నాకు చేతకాదు.

1780 నాటికి న్యూటన్ లండన్‌లో సెయింట్ మేరీ వుల్నోత్ గుడి పాదిరి. 1785 డిసెంబరులో ఒక యువకుడు రహస్యంగా ఆయన్ని చూడ్డానికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ల పార్లమెంటు సభ్యుడు, విలియం విల్బర్‌ఫోర్స్. కొత్తగా దైవభక్తిలోకి వచ్చాడు. ఈ పాదిరి దగ్గరికి వెళ్లాడని తెలిస్తే స్నేహితులు నవ్వుతారని భయం. తలుపు తట్టడానికి ధైర్యం చాలక ఆ వీధి చౌకు చుట్టూ తిరిగాడట. రాజకీయాలు మానేసి భక్తిలో గడపాలా అన్నది అతని ప్రశ్న. న్యూటన్ మానవద్దన్నాడు. ఉన్నచోటే ఉండి దేవుడికి పనికిరమ్మన్నాడు. కొద్దికాలానికే విల్బర్‌ఫోర్స్ బానిస వ్యాపార నిషేధాన్ని తన జీవితపు పనిగా ఎత్తుకున్నాడు.

అప్పుడు, 1788లో, న్యూటన్ నోరు విప్పాడు. తుఫానుకు నలభై ఏళ్ల తర్వాత. ఓడ దిగిన ముప్పై నాలుగేళ్ల తర్వాత. ఆఫ్రికా బానిస వ్యాపారం మీద తన ఆలోచనలు అంటూ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఓడ అడుగున ఐదడుగులకు అటూ ఇటూ ఎత్తున్న గదిని మధ్యలో బల్లతో రెండుగా చీల్చి, కిందా పైనా వరసలుగా మనుషుల్ని ఎలా పడుకోబెట్టేవారో చెప్పాడు. ఇద్దరిద్దరికి కలిపి సంకెళ్లు, పక్కకు తిరగడానికి చోటు లేదు, తెల్లవారి చూస్తే ఒక్కోసారి బతికినవాడూ చచ్చినవాడూ ఒకే గొలుసుకు. ఇంకో సంగతి కూడా రాశాడు. ఓ ఓడ అధికారి చంటిబిడ్డతో ఉన్న ఒక తల్లిని కొని పడవలో తీసుకెళ్తున్నాడు. రాత్రి ఆ బిడ్డ ఏడుస్తుంటే అతనికి నిద్ర పట్టలేదు. బెదిరించాడు, బిడ్డ ఊరుకోలేదు. చివరికి తల్లి చేతుల్లోంచి లాక్కుని సముద్రంలోకి విసిరేశాడు. ఆమె ఏడుపు మాత్రం అతను భరించాల్సి వచ్చింది, ఎందుకంటే ఆమెకు ఖరీదు ఉంది.

ఇదంతా 1754లోనూ ఆయనకు తెలుసు. చూసింది అదే, విన్నది అదే. 1788లో కొత్తగా తెలిసిన వార్త ఏమీ లేదు. మారింది చూసే కన్ను. తన ఒప్పుకోలు చాలా ఆలస్యమైందని, అది జరిగిన కీడును తుడవలేదని ఆయనే అందులో ఒప్పుకున్నాడు. ఆ పుస్తకం పార్లమెంటు సభ్యులకు అందింది. ప్రభుత్వ మండలి ముందు, తర్వాత కామన్స్ సభ కమిటీ ముందు ఆ ముసలి పాదిరి సాక్ష్యమిచ్చాడు. ఒకప్పుడు ఆ పని చేసిన కెప్టెనే చెబుతుంటే అబద్ధమనడానికి ఓడ యజమానులకు వీల్లేకపోయింది. 1807 మార్చి 25న బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టానికి రాజముద్ర పడింది. అదే ఏడాది డిసెంబరు 21న, 82 ఏళ్ల వయసులో, న్యూటన్ కన్నుమూశాడు.

మన కూటాల్లో దీన్ని ఓదార్పుగా చెప్పుకోవడం తేలిక. దేవుడు తొందరపడడు, మన విషయంలో ఓపిక పడతాడు, నలభై ఏళ్లయినా వదలడు అని. అది నిజమే, నేనూ దాన్ని నమ్ముకునే బతుకుతున్నాను. కానీ ఓడ అడుగున పడుకున్న మనిషి వైపు నుంచి ఆ నలభై ఏళ్లు చూడండి. న్యూటన్ నింపాదిగా శుద్ధి అవుతుంటే ఆ ఖర్చు కట్టింది వాళ్లు. అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికన్లలో ముప్పై లక్షల మందికి పైగా బ్రిటిష్ ఓడల్లోనే వెళ్లారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో న్యూటన్ చేతుల మీదుగా పోయింది కొన్ని వందల మంది కావచ్చు. ఆ కొన్ని వందల మందికి నలభై ఏళ్ల ఓపిక ఏం పనికొచ్చింది? దేవుని కృప గొప్పదని పాడేటప్పుడు ఆ కృప ఆలస్యంగా అర్థం చేసుకున్నందుకు ఎవరు నలిగిపోయారో కూడా అడగాలి. న్యూటన్ ముసలితనంలో అడిగాడు. అందుకే ఆయన మార్పు నిజమైనదని నమ్ముతాను. పాట రాసినందుకు కాదు, ఆ చిన్న పుస్తకం రాసినందుకు.

మనకు గౌరవప్రదంగా కనబడుతూ ఉన్న ఓడ ఏది? నాకు తట్టింది చెబుతాను, మీకు కోపం రావచ్చు. కట్నం. మన దేశంలో కట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. ఇన్నేళ్ల తర్వాత కూడా మన క్రైస్తవ కుటుంబాల్లో, రక్షణ పొందినవాళ్ల ఇళ్లలో, ప్రార్థనతో మొదలుపెట్టి కట్నం మాట్లాడుకుంటారు. అబ్బాయి ఇంజనీరు అయితే ఒక రేటు, అమెరికాలో ఉంటే ఇంకో రేటు. పేరు మార్చి 'అమ్మాయికి ఇష్టంగా పెట్టేది' అంటారు. ఆ పెళ్లిని ఆశీర్వదించడానికి పాస్టరు గారు వస్తారు, కీర్తన పాడతాం, బిరియాని తింటాం. అటు పక్క ఎకరం అమ్మిన తండ్రి ఒకడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. కులం చూసి సంబంధం కలుపుకోవడం ఇంకోటి. బల్ల దగ్గర ఒకే రొట్టె తింటాం, ఒకే గిన్నెలో పాలుపొందుతాం, పిల్లనిచ్చే దగ్గర మాత్రం అంతియొకయలో పేతురులా లేచిపోతాం. బూతులు మానాం, సారా మానాం, సినిమాలు కూడా మానాం అంటారు కొందరు. న్యూటన్ కూడా నోరు శుభ్రం చేసుకున్నాకే ఆ మూడు ప్రయాణాలు చేశాడు.

ఈ శ్రమకాలంలో ఉపవాసం ఉంటున్నవాళ్లు చాలామంది వింటూ ఉంటారు. మాంసం మానితే మానండి, పూట భోజనం మానితే మానండి. దాంతోపాటు మీ కింద పనిచేసే మనిషిని, మీ ఇంటికి వచ్చిన కోడలిని, మీరు బాకీ ఉన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నా వల్ల మీకు ఏం ఇబ్బంది కలుగుతోంది అని ఒకసారి అడగండి. వాళ్లు మొదట చెప్పరు. భయపడతారు. రెండోసారి అడగండి.

ఈస్టరు తర్వాత పెళ్లిళ్ల కాలం వస్తుంది. మీ ఇంట్లో అబ్బాయికి సంబంధం మాటలు నడుస్తూ ఉంటే, గుడిలో పెళ్లి ప్రకటన చదివించడానికి ముందే అమ్మాయి తండ్రికి ఫోను చేసి, మాకు ఏమీ వద్దండీ అని చెప్పండి. తీసుకున్నది ఉంటే తిరిగి ఇచ్చేయండి.